నీటికి వాటా ఉంది, ఒండ్రుకు లేదు

(కాటన్ జయంతి సందర్భంగా చేసిన స్మారకోపన్యాసం అచ్చు పాఠం)



మే 15 గోదావరి జిల్లాలకు పండుగ వంటి రోజు. 1803లో ఆ తేదీన పుట్టిన ఆర్థర్ కాటన్‌కు డెల్టాలో ఉన్నన్ని విగ్రహాలు మరే విదేశీయుడికీ తెలుగు నేల మీద లేవు. కాలువ గట్టున ఆయన విగ్రహం చొక్కాకు రంగు వెలిస్తే రైతులే చందాలు వేసుకుని వేయిస్తారు. గోదావరి స్నాన సంకల్పంలో ఆయనను భగీరథుడిగా తలచుకునే శ్లోకం ఇప్పటికీ కొందరు పురోహితుల నోట వినిపిస్తుంది. ఆ గౌరవం ఆయనకు తగినదే. అలాంటి మనిషి పేరిట జరిగే సభలో ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్టను మరోసారి కీర్తించి ఊరుకోవడం సులువు. ఈ ఉపన్యాసం ఆ పని చేయబోవడం లేదు. నది పొడవునా మనుషులు చేసిన పనుల ఫలితం చివరికి వచ్చి తగిలే ఒక ఒడ్డు గురించి, కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ గురించి ఇది మాట్లాడుతుంది.

ఉప్పాడను బయటి ప్రపంచం చీరతో గుర్తుపడుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జామ్‌దానీ ఇవాళ హైదరాబాదు దుకాణాల్లోనూ, అమెరికాలో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలోనూ కనిపిస్తుంది. తూర్పు గోదావరి జిల్లాగా ఉన్నప్పుడూ, 2022 ఏప్రిల్లో కాకినాడ జిల్లా ఏర్పడ్డాకా, టీవీ వార్తల్లో మాత్రం ఆ ఊరు ఏటా ఒకే బొమ్మతో వస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం, బీచ్ రోడ్డు మీదికి ఎగసిపడుతున్న కెరటాలు, రాకపోకల నిలిపివేత. ఆ బొమ్మ కింద రాసే వాక్యం కూడా మారదు: సముద్రం ముందుకు వచ్చింది.

సముద్రం తనంతట తాను ముందుకు రావడం వేరు, నేల వెనక్కి తగ్గడం వేరు. ఉప్పాడలో రెండూ జరుగుతున్నాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం 1993 నుంచి 2017 మధ్య ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెప్పింది. మిల్లీమీటర్లలో సాగే ఆ పెరుగుదల ఒక్కటే వీధులకు వీధులను మింగేయదు. నేలకు అందాల్సినది అందకపోవడమే కోతలో పెద్ద భాగం. ఆ లోటు ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఒడ్డున నిలబడి చూస్తే చాలదు. నదికి ఎదురు వెళ్ళాలి, దాదాపు రెండు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో రాజమండ్రి జిల్లా బతుకు దుర్భరం. 1832-33 నందన కరువు ఊళ్ళను ఖాళీ చేసింది. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. ఆ తుపాను వివరాలు కూడా చదివిన తరవాతే హెన్రీ పిడింగ్టన్ 'సైక్లోన్' అన్న మాటను ప్రపంచానికి ఇచ్చాడు. 1821లో 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే ఏటా వరద పొంగి సముద్రం పాలవుతుంటే గట్టు మీద జనం తిండి లేక చచ్చిపోయారు. గోదావరి మీద ఆనకట్ట కట్టాలని కాటన్ 1844లో ఇచ్చిన నివేదికకు నేపథ్యం అది.

1847లో మొదలై 1852కు పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి ఈ సభకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలను వదిలేస్తూ కట్టారు. వీణం వీరన్న వంటి స్థానికుల తోడ్పాటుతో వేల మంది కూలీలు మోసిన రాయి అది. ఆనాటి పన్నెండడుగుల గోడ ఎత్తు గురించి మాత్రం ఒక్క మాట చెప్పుకోవాలి. నది పోటెత్తినప్పుడు నీళ్ళు ఆ గోడ నెత్తి మీదుగానే పారేవి. నీళ్ళతో పాటు ఒండ్రూ పారేది. కాలువల తలల దగ్గర మేట వేయకుండా ఇసుకను కిందికి తోసే తూములు పెట్టడం కూడా కాటన్ మరువలేదు. అంతకు ముందు కావేరి డెల్టాలో ఆయన కుస్తీ పట్టింది ప్రధానంగా మేటలతోనే. 1836లో కొల్లిడం మీద కట్టిన పై ఆనకట్ట అందుకే పుట్టింది. ఆయన ఆలోచించింది కాలువ కోసమే, సముద్రపు ఒడ్డు కోసం కాదు. అయినా ఆయన గోడ ఒడ్డు కడుపు కొట్టలేదు. డెల్టా అంచు కోతకు కాటన్‌ను దోషిగా నిలబెట్టే వాదన అప్పుడప్పుడు వినిపిస్తుంది. లెక్కలు దాన్ని సమర్థించవు.

నిజానికి ఆనాటి రేవు అధికారుల మొర ఇవాళ్టికి పూర్తిగా తలకిందులు. ఒండ్రు ఎక్కువై కోరంగి రేవు పూడిపోయింది, ఓడలు కట్టే ఆ ఊరి వ్యాపారం కాకినాడకు తరలిపోయింది. కాకినాడ దగ్గరా లోతు తగ్గుతూ, ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేయాల్సి వచ్చేది. పంతొమ్మిదో శతాబ్దపు గోదావరి సముద్రాన్ని వెనక్కి తోస్తూ నేలను పెంచే నది. గౌతమీ పాయ మొగ దగ్గర బయటపడిన ఇసుకను నైరుతి రుతుపవనాల కెరటాలు ఉత్తరానికి లాక్కెళ్ళి, సముద్రంలోకి చాచిన చేయిలా ఒక ఇసుక దిబ్బను పెంచాయి. పదహారు కిలోమీటర్లకు పైగా సాగిన ఆ దిబ్బ కొసనే జనం హోప్ ఐలాండ్ అంటారు. దాని పుట్టుపూర్వోత్తరాల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాఖలో సి. మహదేవన్, ఆయన సహచరులు 1950లలోనే పరిశోధన చేశారు.

ఆ దిబ్బ కాకినాడకు వరం. దాని వెనక నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి కనుకే అక్కడ లంగరు రేవు నిలిచింది, 1997 నుంచి డీప్ వాటర్ పోర్టు నడుస్తోంది. ఉప్పాడకు మాత్రం అదే దిబ్బ చిక్కు తెచ్చింది. దక్షిణం నుంచి ఒడ్డు వెంట నడిచి రావాల్సిన ఇసుక దిబ్బ దగ్గరే ఆగిపోతుంది, అఖాతంలో చిక్కుకుంటుంది. దిబ్బ కొసను దాటి వంపు తిరిగిన కెరటాల బలమంతా ఉత్తరాన మరుగు లేని ఒడ్డు మీద పడుతుంది. ప్రకృతి పెట్టిన చిక్కే ఇది, మనిషి పెట్టింది కాదు. గోదావరి నిండుగా ఒండ్రు తెచ్చినంత కాలం ఈ చిక్కుతోనే ఒడ్డు ఎలాగో నెట్టుకొచ్చింది.

తరవాత నది మారింది.

మంజీర మీద 1931లో నిజాంసాగర్, పైఠాన్ దగ్గర 1976లో జయక్వాడి, పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్, సింగూరు, సీలేరు మీద జలవిద్యుత్ జలాశయాలు, 2019లో మేడిగడ్డ. ధవళేశ్వరంలో 1970లలో మొదలైన కొత్త బ్యారేజీ 1980ల మొదట్లో పూర్తయి పాత ఆనకట్ట స్థానంలో గేట్లు వచ్చాయి. వీటిలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక ఊరికి నీళ్ళు ఇచ్చింది, దీపం వెలిగించింది. ప్రతి ఒక్కటీ అడుగున కొంత మట్టిని పట్టుకుంది. శ్రీరాంసాగర్‌నే తీసుకుంటే, కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక వల్ల తొలుత 90 టీఎంసీలకు, ఆ తరవాత 80 టీఎంసీల దగ్గరికి తగ్గింది. నిజామాబాదు రైతుకు అది తగ్గిన నీటి నిల్వ. గోదావరి మొగ దగ్గరి ఊళ్ళకు అది రాకుండా పోయిన నేల.

ఆ లెక్కను తెలుగువాళ్ళే తేల్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహచరులు కృష్ణా గోదావరి డెల్టాల మీద చేసిన పరిశోధన 2010లో అచ్చయింది. దాని ప్రకారం 1970-79 మధ్య గోదావరి ఏటా సగటున సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000-2006 నాటికి అది 5 కోట్ల 72 లక్షల టన్నులకు పడిపోయింది. అంటే మూడు పాళ్ళలో దాదాపు రెండు పాళ్ళు దారిలోనే ఆగిపోయాయి. అంతకు ముందు 2004లో ఆయన, బి.హేమ మాలిని కలిసి ప్రకటించిన మరో అధ్యయనం, 1976 తరవాతి పాతికేళ్ళలో గోదావరి డెల్టా అంచు నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేలను కోల్పోయిందని తేల్చింది. వేల ఏళ్ళుగా పెరుగుతూ వచ్చిన డెల్టా ఒక్క తరంలో తరగడం మొదలుపెట్టింది.

ఇక్కడే ఈ ఉపన్యాసం చెప్పదలచిన అసలు సంగతి ఉంది. నీళ్ళ విషయంలో తెలుగువాళ్ళు లెక్కలో ఆరితేరారు. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1980లో గోదావరి అవార్డు ఇచ్చింది. మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ఎంతెంత వాడుకోవాలో ఉపనది వారీగా తేల్చుకున్నాయి. టీఎంసీ అన్న మాట టీ కొట్టు దగ్గర కూడా చెల్లుబాటు అవుతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలైతే రెండోది, 17 లక్షలైతే మూడోది అని లంకల్లో పిల్లలు కూడా చెబుతారు. ఆ నీటిలో కలిసి రావాల్సిన మట్టికి మాత్రం వాటాదారు లేడు. దాన్ని ఆపుకున్నవాడికి నష్టమే కానీ నేరం లేదు. అందనివాడికి నష్టం ఉంది కానీ అడిగే చోటు లేదు. అందరి చేతా తయారై, ఎవరి పేరునా నమోదు కాని కొరత ఇది.

ఆ కొరత ఉప్పాడలో ఎలా కనిపిస్తుందో చూడాలి. తుపాను తీరం దాటిన మరునాడు ఆకాశం తేటపడగానే ఆడవాళ్ళు, పిల్లలు ఒడ్డుకు చేరతారు. వెనక్కి తగ్గే కెరటం వెంట నాలుగడుగులు వెళ్ళి, తడి ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య నుంచి జార్చుతూ వెతుకుతారు. మరో కెరటం రాగానే లేచి వెనక్కి వస్తారు. వాళ్ళు వెతికేది బంగారం. 2020 చివరి తుపాన్ల తరవాతా, 2023 డిసెంబరులో మిచౌంగ్ తరవాతా ఈ దృశ్యాలు పత్రికల్లో వచ్చాయి. చిన్న రేకులు, పూసలు కొందరికి దొరికాయి. సముద్రంలో కలిసిపోయిన పాత ఇళ్ళవి, గుళ్ళవి అని ఊళ్ళో పెద్దలు చెబుతారు. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో పిసరంత బంగారం వేసే ఆచారం ఇక్కడ ఉంది కనుక ఆ మాటను కొట్టిపారేయలేం. బయటివాళ్ళకు ఇది వింత వార్త. వెతికేవాళ్ళకు అది ఒకనాటి ఊరి పునాది.

ఆ ఒడ్డును నిలబెట్టడానికి ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం అన్యాయం. ఏళ్ళ తరబడి బండరాళ్ళు పోశారు. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచులను, జియో ట్యూబులను, వరసగా పేర్చి గోడ కట్టారు. దేశంలో అప్పటికి అది కొత్త పద్ధతి, నిపుణులు చూడడానికి వచ్చేవారు. ఆ తరవాతి తుపాన్లకు ట్యూబులు చిరిగి, లోపలి ఇసుక కారిపోయి, కొన్నిచోట్ల నల్లటి గుడ్డ పీలికలు మాత్రం మిగిలాయి. మళ్ళీ రాళ్ళు వచ్చాయి. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు బీచ్ రోడ్డు మరోసారి దెబ్బతింది. ప్రతిసారీ నాయకులు వస్తారు, కొత్త గోడ ప్రకటిస్తారు, అంచనాలు కోట్లలో పెరుగుతాయి. రోడ్డు నిలవాలి, నిజమే. దాని పక్కనే ఇళ్ళున్నాయి. కానీ గోడ ఇసుకను పుట్టించదు.

పైగా గోడకు ఒక గుణం ఉంది, ఇంజనీర్లకు అది బాగా తెలుసు. గోడకు తగిలిన కెరటం తన బలాన్ని కిందికి, పక్కకు మళ్ళిస్తుంది. కింద ఇసుక తవ్వుకుపోయి గోడ అడుగు బలహీనపడుతుంది. గోడ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పక్క ఊరి కోత ఎక్కువవుతుంది. ఉప్పాడలో నిలిపినది మాయాపట్నం, సూరాడపేట, జగ్గరాజుపేట, సుబ్బంపేట, కోనపాపపేటల్లో ఎక్కడో ఒక చోట తెగుతుంది. అప్పుడు ఆ ఊరు గోడ అడుగుతుంది. అడగడం తప్పు కాదు, అడగక ఏం చేస్తుంది? అలా ఒక్కో ఊరికి ఒక్కో గోడ చొప్పున కట్టుకుంటూ పోతే చివరికి మిగిలేది తెప్పలు లాక్కోవడానికి, వలలు ఆరబెట్టుకోవడానికి చోటు లేని రాళ్ళ గట్టు. 2020 నవంబరులో శంకుస్థాపన జరిగిన ఉప్పాడ ఫిషింగ్ హార్బరు పడవలకు ఆశ్రయం ఇవ్వవచ్చు. దాని అలల అడ్డుకట్టలు కూడా ఇసుక నడకను మార్చేవే కనుక ఉత్తరపు పల్లెల ఒడ్డును ఏటా కొలిచి చూడక తప్పదు.

ఈ అనుభవం ఉప్పాడతో మొదలైంది కాదు. తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద ఉత్తరానికి నడుస్తుంది. 1870లలో మద్రాసు రేవు గోడలు మొదలయ్యాక దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోతకు గురైంది. విశాఖలో 1930లలో రేవు నోటి దగ్గర ఇసుకను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపారు. ఔటర్ హార్బరు వచ్చాక రామకృష్ణా బీచికి తవ్వి తీసిన ఇసుకను పోయడం ఆనవాయితీ అయింది. పుదుచ్చేరిలో 1980ల చివర కట్టిన రేవు గోడలు పట్టణపు ఇసుక ఒడ్డును మాయం చేశాయి. ముప్ఫై ఏళ్ళు బండరాళ్ళే మిగిలాయి. 2018-19లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఒక దిబ్బలాంటి కట్టడాన్ని పెట్టి, ఇసుకను నింపాక పిల్లలు ఆడుకునే ఒడ్డు కొంత తిరిగి వచ్చింది. పుదుచ్చేరి చెప్పే పాఠాన్ని జాగ్రత్తగా చదవాలి. అక్కడ గెలిచింది ఇసుకను మళ్ళీ ఒడ్డుకు చేర్చడం. ఆ కట్టడాన్ని మాత్రం తెచ్చి ఉప్పాడలో పెట్టి, ఇసుక సంగతి మరిస్తే అది కూడా మరో గోడే అవుతుంది.

ఇంతవరకు చెప్పినదంతా పైనున్న ప్రభుత్వాల, ప్రాజెక్టుల కథ. సామాన్యులు అమాయకులన్న అర్థం ఇందులో లేదు. రాజమండ్రి ఎగువా దిగువా ఇసుక ర్యాంపులను ఎవరు నడుపుతున్నారు, ఆ లారీలు ఎవరి ఇంటి ముందు ఆగుతున్నాయి? 2014లో ఇసుకను డ్వాక్రా సంఘాలకు ఇచ్చారు, 2016లో ఉచితమన్నారు, 2019లో మళ్ళీ అమ్మారు, 2024 జులైలో మళ్ళీ ఉచితమన్నారు. దాదాపు ప్రతి ఎన్నికకూ ఇసుక విధానం మారింది. ప్రతి విధానం మీదా చర్చ ధర గురించే. నది ఏటా ఎంత తెస్తోంది, అందులో ఎంత తీస్తే ఒడ్డుకు నష్టం ఉండదు అన్న ప్రశ్న ఒక్క ఎన్నికల సభలోనూ వినిపించలేదు. ఇల్లు కట్టుకునేవాడు అడిగేది లారీ ధర. అందులో విడ్డూరం లేదు. విడ్డూరమల్లా, అతని తరఫున ఆ ప్రశ్న అడగాల్సిన శాఖలూ ధర దగ్గరే ఆగిపోవడం.

ఒడ్డు మీది సంగతులూ అంతే. సముద్రపు ఇసుక దిబ్బలను చదును చేసి చెరువులు తవ్వారు, తోటలు వేశారు, రిసార్టులు కట్టారు. 1990లలో రొయ్యల చెరువుల ఊపులో మడ అడవుల అంచులు తరిగాయి. 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల సాగును కట్టడి చేస్తూ తీర్పు ఇస్తే, 2005లో వచ్చిన చట్టం ఆ సాగుకు మళ్ళీ దారి చేసింది. 1991లో తీరానికి 500 మీటర్ల వరకు నియంత్రణ పెట్టిన నోటిఫికేషన్, 2018 రూపానికి వచ్చేసరికి జనసమ్మర్దం ఎక్కువున్న తీర గ్రామాల్లో కట్టడాలకు నిషిద్ధమైన మేరను 200 నుంచి 50 మీటర్లకు తగ్గించింది. 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ళ స్థలాల కోసం మడ చెట్లను కొట్టిన వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. పేదకు ఇల్లు కావాలి. ఉప్పెనకు అడ్డుండే చెట్టును కొట్టి అదే చోట పేదకు ఇల్లివ్వడం మేలు చేయడం అనిపించుకోదు.

సముద్రం లోపల పరిస్థితి వేరుగా లేదు. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే అని 1994 నాటి రాష్ట్ర చట్టం కింద నియమం ఉంది. దాన్ని మరబోట్లు దాటుతాయి, రింగు వలలు పడతాయి, ఏటా చలికాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కళేబరాలు ఉప్పాడ దాకా ఒడ్డున తేలతాయి. ఇక 2025 సెప్టెంబరులో ఉప్పాడ మత్స్యకారులు రోడ్డెక్కింది ఫ్యాక్టరీల వ్యర్థజలాల మీద. తొండంగి, కొత్తపల్లి మండలాల తీరంలో మందుల పరిశ్రమలు వచ్చాక వేట పడిపోయిందన్నది వాళ్ళ ఫిర్యాదు. స్థానిక శాసనసభ్యుడు, ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఆ తరవాతి నెలలో వాళ్ళతో సమావేశమయ్యారు. కాలుష్యం ఎంత, ఎక్కడిది అన్నది నీటి నమూనాలు తేల్చాలి. ఆ నమూనాలను ఎవరు తీశారో, ఏం తేలిందో పల్లెల్లో చదివి వినిపించే ఏర్పాటు లేనంత కాలం ఏ నివేదికనూ అక్కడ ఎవరూ నమ్మరు.

మనుషుల నడవడి మారితే ఒడ్డు మారుతుందనడానికి ఇదే జిల్లాలో రుజువుంది. 1978లో అభయారణ్యమైన కోరింగ మడ అడవులకు ఆనుకుని మట్లపాలెం వంటి పల్లెలున్నాయి. వంటచెరకు కోసం, పశువుల మేత కోసం, కంచెల కోసం నరికి నరికి అక్కడ కొన్ని చోట్ల అడవి బీడు పడింది. చెట్టు పోయిన చోట నేల కుంగి గుంట పడుతుంది, పోటుకు వచ్చిన నీరు బయటికి పోలేక ఎండి ఉప్పు గడ్డ కడుతుంది, ఇక విత్తనం మొలవదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి అక్కడ చేపట్టిన పని చూడడానికి చిన్నది. ముందు పల్లెవాళ్ళతో కూర్చుని ఎక్కడ నరకకూడదో, ఎక్కడ మేపవచ్చో, తప్పినవాళ్ళకు ఏం జుల్మానా వేయాలో నిర్ణయించుకున్నారు. తరవాత ఒక పెద్ద కాలువ తవ్వి దానికి ఇరుపక్కలా చేప ముల్లులా చిన్న కాలువలు తీశారు. పోటుకు నీరు లోపలికి రావడం, పాటుకు బయటికి పోవడం మొదలైంది. ఉప్పు కరిగింది. నాటిన మొక్కలు బతికాయి, తరవాత నీటి వెంట వచ్చిన విత్తనాలూ మొలిచాయి. 1996 నవంబరు తుపానులో మడ వెనకనున్న ఊళ్ళకు దెబ్బ తగ్గిందన్న జ్ఞాపకం పచ్చిగా ఉండడం కూడా పల్లెలను ఒప్పించింది.

ఆ పని నెగ్గడానికి గట్టి కారణమే ఉంది. చెట్టు నరికేదీ, చెట్టు లేక నష్టపోయేదీ ఒకే ఊరు. కర్ర, ఉప్పెన రెండూ ఒకే గడపలోకి వస్తాయి కనుక లెక్క తేలింది. ఉప్పాడకు ఆ వీలు లేదు. దాని ఇసుకను పట్టుకున్నవాళ్ళు పైఠాన్‌లో ఉన్నారు, పోచంపాడులో ఉన్నారు, రాజమండ్రి ర్యాంపుల దగ్గర ఉన్నారు. ఉప్పాడవాళ్ళు ఎంత బుద్ధిగా నడుచుకున్నా, ఒక్క దిబ్బను కూడా తవ్వకుండా సరుగుడు చెట్లు నాటుకున్నా, నదిలో ఆగిన మట్టి కదిలి రాదు. స్థానికంగా బాగుపడండి అని తీర గ్రామాలకు ఉపదేశించే ప్రతి పథకమూ ఈ నిజాన్ని దాటవేస్తోంది. గ్రామానికి బాధ్యత ఉంది; ఆ బాధ్యతకు సరిపడా అధికారం ఎగువన ఉంది.

కనుక ఇవాళ అడగాల్సినవి ఎగువ వరకు వెళ్ళాలి. గోదావరిలో ఒండ్రును కేంద్ర జలసంఘం పోలవరం దగ్గర దశాబ్దాలుగా కొలుస్తోంది. పైన చెప్పిన పరిశోధనకు ఆధారం అలాంటి కొలతలే. వరద రోజుల్లో క్యూసెక్కులు ప్రకటించినట్టే ఆ టన్నులనూ ప్రకటించడానికి కొత్త యంత్రాలు అక్కర్లేదు. పోలవరం ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదు, 2021 నుంచి నది దాని స్పిల్‌వే మీదుగా నడుస్తోంది. జలాశయం నిండుగా నిలిచాక మిగిలిన ఒండ్రులో ఎంత దిగువకు పోతుందన్నది గేట్లు ఎప్పుడు ఎత్తుతారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. జులై, ఆగస్టుల్లో తొలి ఎర్రనీరే ఎక్కువ మట్టిని మోసుకొస్తుంది. ఆ నీటిని నిల్వకు పట్టుకోవాలా, కొన్ని రోజులైనా వదిలిపెట్టాలా అన్నది ఇంజనీర్ల గదిలో మాత్రమే తేలిపోకూడదు. ఆ చర్చలో డెల్టా రైతు పక్కన ఉప్పాడ మత్స్యకారుడికీ ఒక కుర్చీ ఉండాలి. కాకినాడ రేవు కాలువలో ఏటా తవ్వి తీసే ఇసుకలో పనికివచ్చేదాన్ని లోతు సముద్రంలో పారబోయకుండా ఉత్తరపు ఒడ్డుకు చేర్చే ఖర్చును, కొత్త రాళ్ళ గోడ ఖర్చు పక్కన పెట్టి చూడాలి.

గోడ కట్టక తప్పదని తేలిన చోట కూడా ఒక నిబంధన చేర్చవచ్చు. ఆ గోడ ఏ ఊరి దగ్గర ముగుస్తుంది, దాని అవతలి ఊరి కోత ఎంత పెరుగుతుందన్న అంచనాను టెండరు కన్నా ముందు ప్రకటించాలి. ఉప్పాడలో శంకుస్థాపన రాయి వేయడానికి ముందు సుబ్బంపేటలో, కోనపాపపేటలో గ్రామసభ పెట్టాలి. అక్కడి ఆడవాళ్ళు అడిగే ప్రశ్నలను, అధికారులు ఇచ్చే జవాబులను రాతలో నమోదు చేసి, అంచనాల దస్త్రంలోనే కలిపి ఉంచాలి.